అమెరికా సంప్రదాయవాదం: ప్రభుత్వ నియంత్రణ, బడా కంపెనీలు, సోషల్ మీడియా సెన్సార్‌షిప్

అమెరికాలో రిపబ్లికన్ పార్టీ చుట్టూ అల్లుకున్న సంప్రదాయవాద రాజకీయం ఇరవయ్యో శతాబ్దపు రెండో సగమంతా ఒక మాట మీద నిలబడింది: వ్యాపారంలో ప్రభుత్వం వేలు పెట్టకూడదు. 2016 తర్వాత పదేళ్లలో అదే శిబిరం గూగుల్‌ను ముక్కలు చెయ్యాలంది, ఫేస్‌బుక్ ఏ పోస్టు తియ్యకూడదో చట్టమే చెప్పాలంది, యూట్యూబ్‌ను టెలిఫోన్ కంపెనీలాగా చూడాలంది. ఈ మలుపును సిద్ధాంత ద్రోహమన్నవాళ్లున్నారు, ఆలస్యంగానైనా కళ్లు తెరుచుకున్నాయన్నవాళ్లూ ఉన్నారు. చరిత్ర తిరగేస్తే రెండు మాటలూ పూర్తిగా నిలవవు. ప్రభుత్వానికి ఎక్కువ భయపడాలా, పెద్ద కంపెనీకి ఎక్కువ భయపడాలా అన్న ప్రశ్నకు ఈ శిబిరంలో ఏనాడూ ఒకే జవాబు లేదు. ఏ కాలంలో ఏ అధికారం తమ మీద పడిందో ఆ కాలంలో దానికి విరుగుడైన జవాబు పైకి తేలింది.

గుత్తాధిపత్యాన్ని విరిచిన పార్టీ

అమెరికా తొలి గుత్తాధిపత్య నిరోధక చట్టం 1890 నాటిది. దానికి పేరిచ్చిన జాన్ షెర్మన్ ఒహాయో రిపబ్లికన్ సెనెటర్. ఆ చట్టాన్ని నిజంగా ఆయుధం చేసుకున్న అధ్యక్షుడు థియోడర్ రూజ్‌వెల్ట్ కూడా రిపబ్లికనే. రైల్వేల కలయికతో పుట్టిన నార్తర్న్ సెక్యూరిటీస్ మీద ఆయన ప్రభుత్వం 1904లో సుప్రీంకోర్టులో గెలిచింది. ఆయన హయాంలోనే మొదలైన మరో దావా ఫలితంగా 1911లో రాక్‌ఫెల్లర్ల స్టాండర్డ్ ఆయిల్ 34 కంపెనీలుగా విడిపోయింది. ఇప్పటి సెనెటర్లలో పెద్ద కంపెనీల మీద విరుచుకుపడే జాష్ హాలీ 2021 పుస్తకం 'ది టిరనీ ఆఫ్ బిగ్ టెక్'లో రూజ్‌వెల్ట్‌ను వెదికి పట్టుకున్నది ఊరికే కాదు.

ఈ ధోరణి 1930ల న్యూడీల్ సంస్కరణల తర్వాత వెనక్కి పోయింది. కొత్తగా పుట్టిన ఫెడరల్ సంస్థలే అప్పుడు బెడదగా కనిపించాయి. ఫ్రెడరిక్ హయెక్ 1944 పుస్తకం 'ది రోడ్ టు సెర్ఫ్‌డమ్'ను మరుసటి ఏడాది రీడర్స్ డైజెస్ట్ కుదించి అచ్చువేయడంతో అది ఆర్థికవేత్తల చేతుల్లోంచి మామూలు పాఠకుల చేతుల్లోకి వచ్చింది. విలియం బక్లీ 1955లో నేషనల్ రివ్యూ పత్రిక పెట్టి, స్వేచ్ఛా విపణి వాదుల్నీ మత సంప్రదాయవాదుల్నీ కమ్యూనిస్టు వ్యతిరేకుల్నీ ఒక పందిరి కింద కూర్చోబెట్టాడు. ఇక మేధాబలం షికాగో విశ్వవిద్యాలయం నుంచి వచ్చింది. మిల్టన్ ఫ్రీడ్‌మన్ 1962లో 'కాపిటలిజం అండ్ ఫ్రీడమ్' రాశాడు. జార్జ్ స్టిగ్లర్ 1971లో రాసిన వ్యాసం ఇంకా పదునైనది: నియంత్రణను సాధారణంగా అది అదుపు చెయ్యాల్సిన పరిశ్రమే చేజిక్కించుకుంటుందని, అది నడిచేదీ ప్రధానంగా ఆ పరిశ్రమ లాభానికేనని, ఉన్న కంపెనీలు కొత్తవాళ్లు రాకుండా ఆ నియమాల్నే గోడగా కట్టుకుంటాయని ఆయన చూపించాడు. ఆయనకు 1982లో నోబెల్ వచ్చింది.

ఈ వాదం సోషల్ మీడియా కాలానికి కూడా సరిగ్గా అతుకుతుంది. 2019లో మార్క్ జుకర్‌బర్గ్ తానే వాషింగ్టన్ పోస్ట్‌లో వ్యాసం రాసి ఇంటర్నెట్‌కు కొత్త నియమాలు కావాలని అడిగాడు. వేల మంది పరిశీలకుల్ని జీతమిచ్చి పెట్టుకోగల కంపెనీకి నియమాల భారం బరువు కాదు, పదిమందితో నడిచే పోటీదారుకు అదే గుదిబండ. స్టిగ్లర్ శిష్యులు ఆ వ్యాసం చూసి ఆశ్చర్యపోలేదు.

న్యాయ పండితుడు రాబర్ట్ బోర్క్ 1978లో 'ది యాంటీట్రస్ట్ పారడాక్స్' రాసి గుత్తాధిపత్య చట్టానికి కొత్త గీటురాయి పెట్టాడు. కంపెనీ ఎంత పెద్దదన్నది కాదు, వినియోగదారుడికి నష్టం జరిగిందా అన్నదే కోర్టు చూడాలన్నాడు. మరుసటి ఏడాదే సుప్రీంకోర్టు ఆయన మాటను తన తీర్పులోకి తీసుకుంది. తర్వాతి నలభై ఏళ్లు ఆ గీటురాయే చలామణీ అయింది. దీని చిక్కు తర్వాత తెలిసింది: గూగుల్ వెదుకులాటకు, ఫేస్‌బుక్ ఖాతాకు ధరే లేదు. ధర లేనిచోట ధర పెరిగిందని నిరూపించేదెలా? అదే బోర్క్ 1990ల చివర్లో బ్రౌజర్ కంపెనీ నెట్‌స్కేప్ తరఫున మైక్రోసాఫ్ట్ మీది కేసును సమర్థించాడు. దాన్ని ఆయన అభిమానులు అంతగా తలచుకోరు.

రేగన్ 1981లో గద్దెనెక్కగానే, ప్రతి పెద్ద నియమానికీ ఖర్చూ లాభమూ లెక్క కట్టాలని ఉత్తర్వు ఇచ్చాడు. అయితే ఆయన ప్రభుత్వమే ఏటీ అండ్ టీ టెలిఫోన్ సామ్రాజ్యాన్ని విడగొట్టే ఒప్పందం కుదిర్చింది, 1984లో అది ఏడు ప్రాంతీయ కంపెనీలుగా చీలింది. విమాన ఛార్జీల మీద నియంత్రణ తీసేసింది మాత్రం ఆయన కాదు, 1978లో డెమొక్రాట్ కార్టర్. పార్టీల మధ్య గీత పాఠ్యపుస్తకాల్లో ఉన్నంత నిటారుగా ఎప్పుడూ లేదు.

నియంత్రణ సంస్థల అధికారం గురించిన వివాదానికి ఒక కుటుంబ కథ కూడా ఉంది. రేగన్ నియమించిన ఆన్ గోర్సచ్ పర్యావరణ సంస్థ అధిపతిగా ఉండగా వచ్చిన ఒక నియమాన్ని సుప్రీంకోర్టు 1984లో చెవ్రాన్ కేసులో నిలబెట్టింది. చట్టం అస్పష్టంగా ఉంటే సంస్థ చెప్పిన అర్థాన్ని కోర్టు మన్నించాలన్నది అందులో సూత్రం. అది అప్పటి సంప్రదాయవాదుల విజయం, జస్టిస్ స్కలియా దాన్ని వెనకేసుకొచ్చాడు. డెమొక్రాట్ల ప్రభుత్వాలు అదే సూత్రంతో పర్యావరణ నియమాలు బిగించడంతో అభిప్రాయం మారింది. 2024 జూన్ 28న లోపర్ బ్రైట్ తీర్పుతో చెవ్రాన్ కొట్టుకుపోయింది. ఆ మెజారిటీలో ఆన్ కొడుకు నీల్ గోర్సచ్ ఉన్నాడు.

ఫెయిర్‌నెస్ డాక్ట్రిన్: మరిచిపోయిన పాఠం

సోషల్ మీడియా వివాదంలో ప్రతి ఎత్తుగడా రేడియో కాలంలో ఒకసారి ఆడినదే. ఫెడరల్ కమ్యూనికేషన్స్ కమిషన్ 1949లో ఒక నియమం పెట్టింది: లైసెన్సున్న ప్రతి ప్రసార సంస్థా ప్రజలకు ముఖ్యమైన వివాదాల్ని చర్చించాలి, రెండో పక్షానికీ చోటివ్వాలి. దీన్నే ఫెయిర్‌నెస్ డాక్ట్రిన్ అన్నారు.

దాని దెబ్బ రుచి చూసినవాళ్లలో సంప్రదాయవాద ప్రచారకులు ముందున్నారు. పెన్సిల్వేనియాలో రెడ్ లయన్ అనే చిన్న ఊరి రేడియోలో బిల్లీ జేమ్స్ హార్గిస్ అనే మతబోధకుడు 1964లో ఫ్రెడ్ కుక్ అనే పాత్రికేయుణ్ని దుయ్యబట్టాడు. కుక్ అప్పటి రిపబ్లికన్ అధ్యక్ష అభ్యర్థి బారీ గోల్డ్‌వాటర్ మీద విమర్శనాత్మక పుస్తకం రాసినవాడు. జవాబు చెప్పుకోవడానికి ఉచితంగా సమయమివ్వమని కుక్ అడిగాడు, స్టేషన్ కాదంది. 1969లో సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా కుక్ పక్షాన నిలిచింది. గాలి తరంగాలు పరిమితం కాబట్టి వాటిని వాడుకునేవాళ్ల మీద ఇలాంటి షరతు పెట్టవచ్చని చెప్పింది.

అయిదేళ్ల తర్వాత అదే తర్కాన్ని పత్రికలకు వర్తింపజేయబోతే కోర్టు ఒప్పుకోలేదు. ఫ్లోరిడాలో 1913 నుంచి ఒక చట్టం ఉంది, పత్రిక ఒక అభ్యర్థిని విమర్శిస్తే అతని జవాబును అచ్చువెయ్యాలి. మయామీ హెరాల్డ్ కాదంది. 1974లో టోర్నిల్లో కేసు తీర్పు, అదీ ఏకగ్రీవమే, ఆ చట్టాన్ని కొట్టేసింది. ఏది వెయ్యాలో ఏది మానాలో తేల్చుకోవడమే సంపాదకుడి భావప్రకటన అని సారాంశం. ఈ రెండు తీర్పులూ గుర్తుంచుకోవాలి. 2024లో కోర్టు ముందుకొచ్చిన ప్రశ్న, ఫేస్‌బుక్ రెడ్ లయన్ రేడియో లాంటిదా, మయామీ హెరాల్డ్ లాంటిదా అన్నదే.

ఫెయిర్‌నెస్ డాక్ట్రిన్‌ను సంప్రదాయవాదులందరూ ద్వేషించారనుకోవడం పొరపాటు. టీవీ నెట్‌వర్కులు ఉదారవాదుల చేతిలో ఉన్నాయని నమ్మిన ఫిలిస్ ష్లాఫ్లీ లాంటివాళ్లు, తమకు కాస్త చోటు దొరికే దారి అదొక్కటేనని దాన్ని సమర్థించారు. రేగన్ మాత్రం దాన్ని చట్టంగా మార్చే బిల్లును 1987లో వీటో చేశాడు, ఆ ఆగస్టులో కమిషన్ నియమాన్నే రద్దు చేసింది. మరుసటి ఏడాది సంప్రదాయవాద రేడియో వ్యాఖ్యాత రష్ లింబా కార్యక్రమం దేశమంతటా మొదలైంది. మూడు గంటలు ఒకే పక్షం మాట్లాడినా రెండో పక్షానికి సమయమివ్వాల్సిన పనిలేని రేడియో పుట్టింది. ఆ వ్యాపారం ఎంతగా పెరిగిందంటే, డాక్ట్రిన్ తిరిగి రాకుండా చట్టం చేద్దామని 2007లో మైక్ పెన్స్ బిల్లు పెట్టాడు. మాటల సమతూకాన్ని ప్రభుత్వం కొలవడం స్వేచ్ఛకు గొడ్డలిపెట్టని అప్పుడు వాళ్లన్న మాట. టెక్సస్, ఫ్లోరిడా చట్టసభలు పద్నాలుగేళ్లలో సరిగ్గా ఆ కొలతనే కోరాయి.

సెక్షన్ 230

ఇంటర్నెట్ తొలినాళ్లలో ప్రాడిజీ అనే ఆన్‌లైన్ సంస్థ చర్చావేదికలో ఎవరో అనామకుడు స్ట్రాటన్ ఓక్‌మాంట్ అనే షేర్ల దళారీ సంస్థను మోసగాళ్లని రాశాడు. సంస్థ దావా వేసింది. ప్రాడిజీ తన వేదికలో బూతుల్నీ అసభ్యతనూ తీసేస్తోంది కాబట్టి అది ప్రచురణకర్తేనని, రాసినదానికి బాధ్యత వహించాలని 1995లో న్యూయార్క్ కోర్టు చెప్పింది. అంటే శుభ్రం చేసినవాడికి శిక్ష, చెత్తను వదిలేసినవాడికి రక్షణ. (అన్నట్టు, ఆ అనామకుడి మాట తప్పు కాదు. స్ట్రాటన్ ఓక్‌మాంట్ తర్వాత మోసం కేసుల్లో మూతపడింది, దాని మీద హాలీవుడ్ సినిమా కూడా వచ్చింది.)

ఈ తలకిందుల న్యాయాన్ని సరిచెయ్యడానికి కాలిఫోర్నియా రిపబ్లికన్ క్రిస్ కాక్స్, ఒరెగాన్ డెమొక్రాట్ రాన్ వైడెన్ కలిసి ఒక సవరణ తెచ్చారు. ప్రతినిధుల సభలో అది 420-4 ఓట్లతో గట్టెక్కింది, 1996 చట్టంలో సెక్షన్ 230 అయింది. అందులో రెండు రక్షణలున్నాయి. ఇతరులు రాసినదానికి వేదికను ప్రచురణకర్తగా చూడకూడదన్నది మొదటిది. అభ్యంతరకరమని సద్భావంతో భావించినదాన్ని తీసేసినందుకు వేదిక మీద దావా పడకూడదన్నది రెండోది. ఇప్పటి సంప్రదాయవాదుల కోపమంతా ఈ రెండోదాని మీద.

ఇక్కడ ఒక అపోహ బాగా పాతుకుపోయింది. వేదిక అన్నాక తటస్థంగా ఉండాలి, లేకపోతే ప్రచురణకర్త అయిపోయి రక్షణ కోల్పోతుంది అని సెనెటర్లు సైతం అన్నారు. చట్టంలో ఆ షరతు లేదు. షరతు లేకుండా చెయ్యడానికే ఆ చట్టం రాశారు, కాక్స్ ఈ సంగతి పలుమార్లు చెప్పాడు. షరతు ఉండాలని వాదించడం వేరు. హాలీ 2019లో పెట్టిన బిల్లు ఆ పనే చేసింది, పెద్ద వేదికలు రాజకీయ పక్షపాతం లేదని ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ముందు నిరూపించుకుంటేనే రక్షణ దక్కాలంది. అది గట్టెక్కలేదు.

ఫిర్యాదుల చిట్టా

అమెరికా రాజ్యాంగ మొదటి సవరణ ప్రభుత్వం చేతుల్ని మాత్రమే కడుతుంది, కంపెనీని కట్టదు. అందుకే 2016 నుంచి పేరుకున్న ఫిర్యాదుల్లో చాలావాటికి కోర్టులో చోటు దొరకలేదు.

2016 మేలో ఫేస్‌బుక్ ట్రెండింగ్ పెట్టెలో సంప్రదాయవాద వార్తల్ని తొక్కేశారని మాజీ ఉద్యోగులు చెప్పినట్టు గిజ్మోడో రాసింది. కంపెనీ కాదంది, అయినా జుకర్‌బర్గ్ సంప్రదాయవాద ప్రముఖుల్ని పిలిపించి బుజ్జగించాడు. 2018 ఆగస్టులో ఆపిల్, ఫేస్‌బుక్, యూట్యూబ్ ఒకదాని వెంట ఒకటిగా కుట్ర కథల ప్రచారకుడు అలెక్స్ జోన్స్‌ను వెళ్లగొట్టాయి. జోన్స్‌ను సమర్థించినవాళ్లు తక్కువే. ఒకేసారి అన్ని తలుపులూ మూసుకోవడం మాత్రం చాలామందిని కలవరపెట్టింది.

2020 అక్టోబర్ 14న న్యూయార్క్ పోస్ట్ డెమొక్రాట్ అభ్యర్థి జో బైడెన్ కొడుకు హంటర్ ల్యాప్‌టాప్ గురించి కథనం వేసింది. ట్విట్టర్ ఆ లింకును పంచుకోనివ్వలేదు, పత్రిక ఖాతాకే తాళం వేసింది. ఫేస్‌బుక్ దాని వ్యాప్తిని తగ్గించింది. ఎన్నికలు మూడు వారాల దూరంలో ఉన్నాయి. లింకు ఆపడం తప్పేనని ట్విట్టర్ అధిపతి జాక్ డోర్సీ తర్వాత ఒప్పుకున్నాడు. చిట్టాలో ఇదే అన్నిటికన్నా బలమైన ఫిర్యాదు. కోవిడ్ మనిషి తయారీ అన్న వాదనల్ని 2021 ఫిబ్రవరి నుంచి తీసేసిన ఫేస్‌బుక్, మే నెలాఖరుకు ఆ నిషేధం ఎత్తేసింది. నిన్న అబద్ధమన్నది నేడు చర్చనీయాంశమైంది, మధ్యలో నోరు నొక్కించుకున్నవాళ్లకు క్షమాపణ లేదు.

2021 జనవరి 6న కేపిటల్ భవనం మీద దాడి జరిగాక, 8న ట్విట్టర్ అప్పటికి ఇంకా పదవిలో ఉన్న అధ్యక్షుడు ట్రంప్ ఖాతాను శాశ్వతంగా మూసేసింది. అదే వారంలో పార్లర్ అనే చిన్న వేదికను గూగుల్, ఆపిల్ తమ యాప్ దుకాణాల్లోంచి తీసేశాయి, అమెజాన్ తన సర్వర్లలోంచి దించేసింది. నచ్చకపోతే నీ వేదిక నువ్వే కట్టుకో అన్న పాత స్వేచ్ఛా విపణి జవాబు ఆ వారంలో దెబ్బతింది. వేదిక కట్టుకున్నవాడికి నిలబడే నేల కూడా ఆ కంపెనీలదేనని తేలింది. అప్పటి జర్మనీ ఛాన్సలర్ ఏంజెలా మెర్కెల్ ట్రంప్ అభిమాని కానే కాదు, అయినా ఖాతా మూసివేతను ఆమె కూడా సమస్యగానే చూస్తోందని ఆమె ప్రతినిధి చెప్పాడు.

పక్షపాతం నిజంగా ఎంత అన్న ప్రశ్నకు దొరికిన ఆధారాలు ఏ పక్షాన్నీ పూర్తిగా సంతోషపెట్టవు. ట్విట్టర్ స్వయంగా 2021లో బయటపెట్టిన అధ్యయనం ప్రకారం పరిశీలించిన ఏడు దేశాల్లో ఆరింటిలో, ఒక్క జర్మనీ తప్ప, ఆ వేదిక అల్గారిథమ్ కుడిపక్ష నేతల ట్వీట్లనే ఎక్కువగా పైకి తెచ్చింది. 2024లో నేచర్ పత్రికలో వచ్చిన మరో పరిశోధన 2020 ఎన్నికల నాటి ట్విట్టర్ ఖాతాల్ని చూసింది. ట్రంప్ అనుకూల హ్యాష్‌ట్యాగ్ వాడినవాళ్ల ఖాతాలు రద్దయ్యే అవకాశం బైడెన్ అనుకూలుర కన్నా నాలుగు రెట్లకు పైనే ఉంది. వాళ్లు నాణ్యత లేని వార్తా సైట్ల లింకులు పంచడమూ ఎక్కువే. నియమం అందరికీ ఒకటే అయినా, దాన్ని మీరేవాళ్లు ఒక పక్షాన ఎక్కువైతే శిక్షలూ ఒక పక్కే పడతాయన్నది ఆ పరిశోధకుల మాట. నాణ్యతను నిర్ణయించేదెవరు అన్నది విమర్శకుల ఎదురు ప్రశ్న. దాన్ని తప్పించుకోవడానికి పరిశోధకులు రిపబ్లికన్లతో కూడిన మామూలు పౌరుల చేత కూడా సైట్లకు మార్కులు వేయించారు. ఫలితం పెద్దగా మారలేదు.

టెక్సస్, ఫ్లోరిడా

ఫ్లోరిడా గవర్నర్ రాన్ డిశాంటిస్ 2021 మే 24న, టెక్సస్ గవర్నర్ గ్రెగ్ ఆబట్ అదే సెప్టెంబర్ 9న సంతకాలు చేసిన చట్టాలు సంప్రదాయవాద చరిత్రలో కొత్త మజిలీ. ఫ్లోరిడా చట్టం ఎన్నికల అభ్యర్థుల ఖాతాల్ని మూసే వేదికలకు జరిమానా పెట్టింది. టెక్సస్ చట్టం మరింత దూరం వెళ్లి, అమెరికాలో నెలకు 5 కోట్లకు మించి వాడుకరులున్న ఏ వేదికా అభిప్రాయాన్ని బట్టి పోస్టును తొలగించకూడదంది. ఫ్లోరిడా చట్టంలో ఒక ముచ్చట ఉంది, రాష్ట్రంలో థీమ్ పార్కు ఉన్న కంపెనీలకు మినహాయింపు ఇచ్చారు. డిస్నీ కోసమని అందరికీ తెలుసు. మరుసటి ఏడాది డిశాంటిస్‌కు డిస్నీతో చెడ్డాక ఆ మినహాయింపు ఎగిరిపోయింది.

ఈ చట్టాల వెనక ఉన్న న్యాయవాదం కామన్ క్యారియర్ సిద్ధాంతం. రైలు, తంతి, టెలిఫోన్ లాంటి సేవలు ఛార్జీ కట్టిన ఎవరినైనా ఎక్కించుకోవాలి, ప్రయాణికుడి రాజకీయం అడగకూడదు. పెద్ద సోషల్ మీడియా వేదికల్ని కూడా ఇలా చూడవచ్చునని జస్టిస్ క్లారెన్స్ థామస్ 2021 ఏప్రిల్‌లో ఒక కేసులో విడిగా రాశాడు. వాదంలో పస ఉంది, చిక్కూ ఉంది. టెలిఫోన్ కంపెనీ మాటల్ని వరుసలో పేర్చి ఏది ముందు వినాలో చెప్పదు. ఫేస్‌బుక్ అమ్మేదే ఆ వరుస.

రెండు చట్టాలు రెండు అప్పీలు కోర్టులకు వెళ్లాయి. ఫ్లోరిడా చట్టాన్ని ఆపిన తీర్పు కెవిన్ న్యూసమ్ రాశాడు, టెక్సస్ చట్టాన్ని నిలబెట్టిన తీర్పు ఆండ్రూ ఓల్డమ్ రాశాడు. ఇద్దరూ ట్రంప్ నియమించిన న్యాయమూర్తులే. సంప్రదాయవాదంలోని చీలిక ఇంత స్పష్టంగా ఇంకెక్కడా కాగితం మీదకు రాలేదు. 2024 జూలై 1న సుప్రీంకోర్టు రెండు తీర్పుల్నీ పక్కనపెట్టి, మళ్లీ సరిగ్గా విశ్లేషించమని కింది కోర్టులకు పంపింది. మెజారిటీ తరఫున రాసిన జస్టిస్ ఎలీనా కేగన్ పాత మయామీ హెరాల్డ్ దారే పట్టింది: ఇతరుల మాటల్ని ఏరి కూర్చడం కూడా భావప్రకటనే, సమతూకం పేరుతో ప్రభుత్వం దాన్ని దిద్దకూడదు. ప్రధాన న్యాయమూర్తి రాబర్ట్స్, ట్రంప్ నియమించిన కావనా, బారెట్ ఆమెతో ఏకీభవించారు.

తెర వెనక ఒత్తిడి

కంపెనీ తనంతట తాను తీసేస్తే అది దాని హక్కు. ప్రభుత్వం చెవిలో చెప్పి తీయిస్తే? ఈ ప్రశ్న దగ్గర సంప్రదాయవాదుల వాదం వాళ్ల పాత సిద్ధాంతంతో చక్కగా కలుస్తుంది. ప్రభుత్వం తాను చెయ్యకూడని పనిని బెదిరించి ఇంకొకరి చేత చేయించకూడదని సుప్రీంకోర్టు 1963లోనే, పుస్తక ప్రచురణకర్తల కేసులో చెప్పింది.

కోవిడ్ కాలంలో ప్రభుత్వం కంపెనీల మీద ఒత్తిడి తెచ్చిందని మిస్సోరీ, లూసియానా రాష్ట్రాలు 2022లో దావా వేశాయి. వైట్‌హౌస్ అధికారులు కంపెనీలకు రాసిన ఘాటైన ఈమెయిళ్లు ఆ దావాలోనే బయటపడ్డాయి. లాక్‌డౌన్లను విమర్శించిన అప్పటి స్టాన్‌ఫర్డ్ ఆచార్యుడు, కోల్‌కతాలో పుట్టిన జయ్ భట్టాచార్య కూడా వాదుల్లో ఒకడు. 2023 జూలై 4న జిల్లా న్యాయమూర్తి టెర్రీ డౌటీ అధికారుల మీద ఇంజంక్షన్ ఇచ్చాడు. సుప్రీంకోర్టు మాత్రం 2024 జూన్ 26న 6-3తో దాన్ని కొట్టేసింది. ఒత్తిడి తప్పా ఒప్పా అన్నది తేల్చలేదు, ఫలానా పోస్టు ఫలానా అధికారి మాట వల్లే పోయిందని వాదులు చూపలేదు కాబట్టి వాళ్లకు దావా వేసే అర్హత లేదంది. జస్టిస్ అలీటో మరో ఇద్దరితో కలిసి గట్టిగా విభేదించాడు. నెల రోజుల ముందే తుపాకీ సంఘం ఎన్‌ఆర్‌ఏ వేసిన కేసులో ఇదే కోర్టు ఏకగ్రీవంగా ఒక న్యూయార్క్ అధికారిణి మీది దావాను ముందుకు సాగనిచ్చింది. రెంటి మధ్య తేడా సూత్రంలో లేదు, రుజువులో ఉంది.

తీర్పు వచ్చిన రెండు నెలలకు జుకర్‌బర్గ్ ప్రతినిధుల సభ న్యాయ కమిటీ అధ్యక్షుడు జిమ్ జోర్డాన్‌కు లేఖ రాశాడు. కోవిడ్ పోస్టుల్ని, హాస్యాన్ని కూడా, తగ్గించమని బైడెన్ యంత్రాంగం పదేపదే ఒత్తిడి చేసిందని, అప్పుడే గట్టిగా మాట్లాడనందుకు విచారిస్తున్నానని అందులో ఉంది. 2022 అక్టోబర్‌లో 4,400 కోట్ల డాలర్లకు ట్విట్టర్‌ను కొన్న ఎలాన్ మస్క్, పాత యాజమాన్యపు అంతర్గత పత్రాల్ని కొందరు పాత్రికేయుల చేతికిచ్చి అప్పటికే చాలా బయటపెట్టించాడు.

కంపెనీలతో తెగిన బంధం

సెన్సార్‌షిప్ ఒక్కటే అయితే బంధం ఇంతగా తెగేది కాదు. 2021లో జార్జియా ఓటింగ్ చట్టాన్ని డెల్టా, కోకకోలా విమర్శించాయి, బేస్‌బాల్ లీగ్ తన మ్యాచ్‌ను అట్లాంటా నుంచి తరలించింది. సెనెట్‌లో రిపబ్లికన్ల నాయకుడు మిచ్ మెక్‌కానెల్ కంపెనీలు రాజకీయాల్లో తలదూర్చవద్దని హెచ్చరించి, ఎన్నికల విరాళాల గురించి కాదు సుమా అని వెంటనే సర్దుకున్నాడు. కంపెనీల డబ్బు కూడా వాక్ స్వాతంత్ర్యమేనన్న 2010 సిటిజన్స్ యునైటెడ్ తీర్పును ఆనందంగా స్వాగతించిన పార్టీ అది. డబ్బుకు స్వేచ్ఛ, మాటకు హెచ్చరిక అనడం ఎవరికైనా కష్టమే.

కొత్త తరం దీన్ని సిద్ధాంతంగా మలచే ప్రయత్నం చేసింది. ఓరెన్ కాస్ 2020లో అమెరికన్ కంపాస్ అనే సంస్థ పెట్టి విపణి పూజను ప్రశ్నించాడు. సొహ్రాబ్ అహ్మరీ 2023లో కంపెనీల నిరంకుశత్వం గురించి పుస్తకమే రాశాడు. బైడెన్ నియమించిన ట్రేడ్ కమిషన్ అధ్యక్షురాలు లీనా ఖాన్‌ను అప్పటి సెనెటర్ జేడీ వాన్స్ బాహాటంగా మెచ్చుకున్నాడు. ఇటు కేటో ఇన్‌స్టిట్యూట్ లాంటి స్వేచ్ఛావాద సంస్థలు, డేవిడ్ ఫ్రెంచ్ లాంటి పాత తరం వ్యాఖ్యాతలు ఒకటే మాట పట్టుకున్నారు: ఈ రోజు మీరు తయారుచేస్తున్న ఆయుధం రేపు ఎదుటివాడి చేతిలో ఉంటుంది.

గూగుల్ మీద పెద్ద దావా వేసింది ట్రంప్ తొలి ప్రభుత్వమే, 2020 అక్టోబర్‌లో, 11 మంది రిపబ్లికన్ రాష్ట్ర అటార్నీ జనరళ్లతో కలిసి. ఫోన్లలో, బ్రౌజర్లలో తానే ముందుగా కనిపించడానికి గూగుల్ 2021 ఒక్క ఏడాదే 2,630 కోట్ల డాలర్లు చెల్లించిందని విచారణలో తేలింది. 2024 ఆగస్టులో న్యాయమూర్తి అమిత్ మెహతా, ఈయన గుజరాత్‌లో పుట్టినవాడు, గూగుల్ చట్టవిరుద్ధంగా గుత్తాధిపత్యం నిలుపుకుందని తీర్పిచ్చాడు. మరుసటి ఏడాది క్రోమ్ బ్రౌజర్‌ను అమ్మించడానికి మాత్రం ఒప్పుకోలేదు. ఇన్‌స్టాగ్రామ్, వాట్సాప్ కొనుగోళ్ల గురించి ఫేస్‌బుక్ మాతృసంస్థ మెటా మీద వేసిన కేసు 2025 నవంబర్‌లో వీగిపోయింది.

2025 తర్వాత

రెండోసారి పదవి చేపట్టిన రోజునే, 2025 జనవరి 20న, ప్రభుత్వ సెన్సార్‌షిప్‌ను నిషేధిస్తూ ట్రంప్ ఉత్తర్వు ఇచ్చాడు. అంతకు పదమూడు రోజుల ముందే మెటా అమెరికాలో నిజనిర్ధారణ సంస్థలతో ఒప్పందాల్ని ముగిస్తున్నట్టు ప్రకటించింది. ట్రంప్ 2021లో వేసిన దావాల్లో ట్విట్టర్ మీదిదాన్ని, కంపెనీ ప్రభుత్వం కాదన్న కారణంతో 2022లోనే జిల్లా కోర్టు కొట్టేసింది. అయినా ఆయన తిరిగి గెలిచాక మెటా 2.5 కోట్ల డాలర్లు, ట్విట్టర్‌కు కొత్త పేరైన ఎక్స్ సుమారు కోటి డాలర్లు, యూట్యూబ్ 2.45 కోట్ల డాలర్లు ఇచ్చి రాజీపడ్డాయి. కోర్టులో ఓడిపోయిన వాదానికి కంపెనీలు ఎందుకు డబ్బు కట్టాయో పాఠకులే ఊహించుకోవచ్చు. స్టిగ్లర్ అయితే ఊహించనక్కరలేదనేవాడు.

ట్రేడ్ కమిషన్ కొత్త అధ్యక్షుడు ఆండ్రూ ఫెర్గూసన్ టెక్ సెన్సార్‌షిప్ మీద విచారణ తెరిచాడు. ఆమ్నికామ్, ఇంటర్‌పబ్లిక్ ప్రకటనల సంస్థల విలీనానికి ఒప్పుకుంటూ, రాజకీయ అభిప్రాయాన్ని బట్టి ఏ మాధ్యమానికీ ప్రకటనలు ఆపకూడదని షరతు పెట్టాడు. గుత్తాధిపత్య చట్టాన్ని భావప్రకటన వివాదానికి వాడటంలో ఇది కొత్త అడుగు.

అసలు పరీక్ష 2025 సెప్టెంబర్‌లో వచ్చింది. సంప్రదాయవాద యువనేత చార్లీ కర్క్ హత్య తర్వాత, హాస్య కార్యక్రమకర్త జిమ్మీ కిమ్మెల్ చేసిన వ్యాఖ్యల మీద కమ్యూనికేషన్స్ కమిషన్ అధ్యక్షుడు బ్రెండన్ కార్ స్టేషన్ల లైసెన్సుల ప్రస్తావన తెచ్చి మరీ హెచ్చరించాడు. గంటల్లో ఏబీసీ కార్యక్రమాన్ని ఆపేసింది, వారం తిరగకముందే మళ్లీ మొదలుపెట్టింది. సెనెటర్ టెడ్ క్రూజ్ కార్ మాటల్ని మాఫియా సినిమా బెదిరింపుతో పోల్చాడు, రేపు డెమొక్రాట్లు ఇదే చేస్తారని హెచ్చరించాడు. బైడెన్ ఈమెయిళ్ల మీద కోర్టుకెక్కిన శిబిరంలో చాలామంది నోరు మెదపలేదు. ఆ ఈమెయిళ్ల కన్నా కార్ బెదిరింపు బహిరంగమైనది, చేతిలో లైసెన్సు అధికారం ఉన్నవాడి నోట వచ్చినది. ఒకటి సెన్సార్‌షిప్ అయితే రెండోది కాకుండా పోదు.

భారత పాఠకులు ఒక తేడా గమనించాలి. మన రాజ్యాంగం 19(2) అధికరణలో సహేతుకమైన పరిమితులకు చోటిచ్చింది, అమెరికా మొదటి సవరణలో అలాంటి మాటే లేదు. ప్రభుత్వ తొలగింపు ఆదేశాల సహయోగ్ పోర్టల్‌ను సవాలు చేసిన మస్క్ కంపెనీ ఎక్స్, 2025 సెప్టెంబర్‌లో కర్ణాటక హైకోర్టులో ఓడిపోయింది. అమెరికా సూత్రాలు ఇక్కడ చెల్లవని కోర్టు స్పష్టంగానే చెప్పింది.

తెలుగు కుటుంబాలకు ఈ శిబిరపు చీలిక వేరే దారిలో తగిలింది. 2024 డిసెంబర్‌లో హెచ్-1బీ వీసాల మీద టెక్ కుబేరులూ దేశీయవాదులూ బహిరంగంగా తిట్టుకున్నారు. మస్క్, వివేక్ రామస్వామి నైపుణ్యం కావాలన్నారు, స్టీవ్ బానన్ వర్గం అది కంపెనీలకు చవక కూలీ మాత్రమేనంది. 2025 సెప్టెంబర్ 19న కొత్త హెచ్-1బీ దరఖాస్తుకు లక్ష డాలర్ల రుసుము పెడుతూ ట్రంప్ ప్రకటన చేసినప్పుడు, హైదరాబాదు నుంచి గుంటూరు దాకా ఎన్నో ఇళ్లలో ఆ రాత్రి ఫోన్లు మోగుతూనే ఉన్నాయి. ఆ వీసాలు పొందేవాళ్లలో అత్యధికులు భారతీయులు, వాళ్లలో తెలుగువాళ్ల వాటా చిన్నది కాదు.

ఇప్పుడు చీలిక కృత్రిమ మేధ మీదికి మళ్లింది. రాష్ట్రాలు పదేళ్లపాటు దాని మీద చట్టాలు చెయ్యకుండా ఆపే ప్రతిపాదనను క్రూజ్ ముందుకు తెచ్చాడు. టెనెసీ రిపబ్లికన్ మార్షా బ్లాక్‌బర్న్ దాన్ని తొలగించే సవరణ పెట్టింది. 2025 జూలై 1న సెనెట్ 99-1తో ఆమె సవరణను ఆమోదించింది, చివరికి క్రూజ్ కూడా దానికే ఓటేశాడు. డిసెంబర్‌లో ట్రంప్ అదే పనిని ఉత్తర్వుతో మొదలుపెట్టి, రాష్ట్రాల చట్టాల్ని కోర్టుల్లో సవాలు చేసే బృందాన్ని ఏర్పాటు చెయ్యమని న్యాయశాఖను ఆదేశించాడు. ఫ్లోరిడాలో డిశాంటిస్ తన రాష్ట్రానికి సొంత కృత్రిమ మేధ చట్టం కావాల్సిందేనన్నాడు.